కొండ మీద నుంచి మా డాబా

మామిడి వ్యాపారం చేసే ఇంట్లో వేసవి సెలవులనే మాట వినపడదు. ఊరంతా అరకు, ఊటీ అంటూ బ్యాగులు సర్దుకునే రోజుల్లోనే మాకు కాయ దిగుతుంది. నూజివీడుకి కాపురానికొచ్చి ముప్పై ఒక్క వేసవులైంది. కమిషన్ కొట్టుకి క్యారేజీలు పంపడం, కూలీలకి మజ్జిగ కలపడం, డాబా మీద తాండ్ర ఎండబెట్టడం తప్ప నేను సరదాకని ఊరు దాటింది లేదు. ఈ ఏడు పూత నిలవలేదు. మంచు వల్లనని కొందరు, పురుగు వల్లనని కొందరు. ఏదైతేనేం, మా కొట్లో ఈసారి గడ్డి ఎక్కువ, కాయ తక్కువ. మా ఆయన కుర్చీలో కూర్చుని పేపర్లో టెండరు ప్రకటనలు కూడా వదలకుండా చదువుతున్నారు. ఆయన దిగులు ఆయనది. నాకు మాత్రం, పైకి చెప్పకూడదు గానీ, లోపల సంతోషంగానే ఉంది. ఇన్నాళ్లకి నాకూ ఒక వేసవి సెలవు దొరికింది.

ఎక్కడికి వెళ్లానో చెబితే మీరు నవ్వుతారు. మూడు రోజులు, మా ఊరి చుట్టుపక్కలే. రెడ్డిగూడెం పక్కన ఒక మామిడితోట, చాట్రాయి దాటాక కొండల మధ్య ఒక చెరువు, తిరిగొచ్చే దారిలో ఒక కొండ. ఈమధ్య హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి జనం కార్లేసుకొచ్చి ఇక్కడ పడవలెక్కుతున్నారు, కొండలెక్కుతున్నారు, తోటల్లో డబ్బులిచ్చి మరీ కాయలు కోస్తున్నారు. ఇక్కడే ఉండి మేం ఒక్కటీ చూడలేదు. ఆ మూడింటిలో నాకు కావాల్సింది కొండ. మిగతా రెండూ దారిలో తగిలాయి.

ముందుగా మా డాబా

మా డాబా ఎక్కితే ఉత్తరాన, తోటల మీదుగా ఆ కొండ కనపడుతుంది. గుండ్రంగా ఉంటుంది, నెత్తిన ఒకే ఒక్క చెట్టు. గొడుగుకొండ అంటారు. నేను కొత్తకోడలిగా వచ్చిన ఏడు, తాటాకు చాపల మీద మామిడిరసం పొరలు పొరలుగా పోస్తూ సుగుణక్క నాకా కొండని చూపించింది. సుగుణక్క మా బావగారి భార్య, నా తోడికోడలు, నాకంటే ఆరేళ్లు పెద్ద.

"అక్కడికెక్కితే మన డాబా కనపడుద్ది రాజ్యం," అంది.

కనపడదన్నాను. మధ్యలో ఇన్ని తోటలున్నాయి, కప్పేస్తాయన్నాను. ఆ వాదన ఇరవై నాలుగేళ్లు నడిచింది. పైనున్న చెట్టు మామిడని అక్క, చింతని నేను. అది ఇంకో వాదన.

తాండ్రకి కోతులు శత్రువులు. కర్రకి బెదరవు, కేకకి బెదరవు. స్టీలు పళ్లెం మీద పడిన ఎండని వాటి కళ్లలోకి కొడితే మాత్రం పారిపోతాయి. ఆ విద్య నాకు అక్కే నేర్పింది. ఎడంచెయ్యి చాచి రెండు వేళ్లు విడదీసి, ఆ సందులో కోతి కనపడేలా పెట్టుకోవాలి. కుడిచేత్తో పళ్లెం తిప్పుతూ వెలుగు ఆ వేళ్ల మీద పడేలా చేస్తే అది గురి తప్పకుండా కోతి మొహానికే వెళుతుంది. ఈ పని కోసం మా అత్తగారు ఇద్దరికీ ఒకే సైజు పళ్లాలు కొనిచ్చారు.

ఒకరోజు అక్క ఒక ఏర్పాటు చేసింది. "మనిద్దర్లో ముందు ఎవరా కొండెక్కితే వాళ్లు అక్కణ్ణుంచి పళ్లెంతో ఇటు మూడుసార్లు ఎండ కొట్టాలి. రెండోవాళ్లు డాబా మీంచి మూడుసార్లు కొట్టాలి. అప్పుడు తేలిపోద్ది, కనపడుద్దో లేదో." సరేనన్నాను. వేసవిలో మాకు తీరికెప్పుడు, కొండెక్కేదెప్పుడు. ఇద్దరం నవ్వుకుని మళ్లీ రసం పోసుకునేవాళ్లం.

ఏడేళ్ల కింద అన్నదమ్ములు వ్యాపారం వేరు చేసుకున్నారు. ఇల్లు రెండైంది. డాబా మధ్యలో ఆరడుగుల గోడ లేచింది. అది మగవాళ్ల గొడవ, మాకేం సంబంధం అనుకున్నాను. ఆ ఏడు అక్క మొదటి తాండ్ర చుట్ట మా ఇంటికి పంపింది. మా ఇళ్లలో మొదటి తాండ్ర బాగా దగ్గరివాళ్లకి పంపుతారు. పుచ్చుకుంటే మనవాళ్లు. తిప్పి పంపితే ఇక రాకపోకలు లేనట్టే. నేను కాగితం విప్పుతుంటే మా ఆయన చూశారు. చూశారంతే. నేను మళ్లీ కాగితం చుట్టి, తెచ్చిన పనిమనిషి చేతికే ఇచ్చి పంపేశాను. ఆయన వద్దనలేదు. నేనే పంపాను.

అప్పట్నుంచి గోడకి అటు అక్క, ఇటు నేను. చాప పరిచే చప్పుడు వినపడుతుంది. గాజులు వినపడతాయి, దగ్గు వినపడుతుంది. మనిషి కనపడదు. వీధిలో ఎదురైతే ఆవిడ తల తిప్పుకోదు, నేనే తిప్పుకుంటాను, సిగ్గుతో. ఇంత దగ్గరున్న మనిషి మీద ఇంత బెంగ పెట్టుకోవచ్చని నాకు ముందు తెలీదు.

ప్రయాణానికి ముందురోజు సాయంత్రం డాబా మీద నిలబడి, నాతో వస్తున్న మేరీ టీచరుకి ఫోన్ చేశాను. "ఆదివారం పొద్దున ఎనిమిదింటికల్లా గొడుగుకొండ మీద ఉంటామండీ. ఆదివారం. ఎనిమిదింటికి," అని రెండుసార్లు చెప్పాను. గోడ అవతల చాప దులుపుతున్న చప్పుడు ఆగింది. కాసేపు అక్కడే నిలబడ్డాను. మళ్లీ దులపడం మొదలైంది.

కిందికి దిగాక మా ఆయన, "టీచరు గారిల్లు రెండు వీధుల అవతలే కదా, ఫోన్ లేకుండానే వినపడుంటుంది," అన్నారు. నేను వెళ్లి బ్యాగులో నా స్టీలు పళ్లెం పెట్టుకున్నాను.

రెడ్డిగూడెం: డబ్బులిచ్చి కోసిన కాయ

మేరీ టీచరు హైస్కూల్లో ఆటల టీచరుగా చేసి రిటైరయ్యారు. పొద్దున్నడకలో నాకు తోడు. అరవై మూడేళ్లొచ్చినా మెడలో విజిల్ తీయలేదు. ఆవిడ కారు, ఆవిడ డ్రైవింగ్. ఎడమకి తిరగాల్సిన ప్రతిచోటా ఆవిడ "లెఫ్ట్ టర్న్" అని గట్టిగా అనుకుంటారు, అనుకున్నాక తిరుగుతారు.

శుక్రవారం పొద్దున తోటకి చేరాం. గేటు దగ్గర బల్ల వేసుకుని పద్మ అనే అమ్మాయి కూర్చుంది. ఆ తోట రైతు గారి కోడలు. మనిషికి రెండొందల యాభై. తోటంతా తిరగొచ్చు, మధ్యాహ్నం భోజనం పెడతారు, మన చేత్తో కోసుకున్న కాయలు రెండు కిలోలు ఇంటికి పట్టుకెళ్లొచ్చు. నేను పర్సు తీస్తుంటే ఆ అమ్మాయి నా మొహం పరీక్షగా చూసింది.

"మీరు కమిషన్ కొట్టు చిన్న షావుకారు గారి ఇంట్లోవాళ్లు కదండీ? మా కాయ మీ కొట్టుకే వచ్చేదండీ పిన్నిగారూ. మీ దగ్గర డబ్బులేంటండీ, లోపలికి రండి."

అందరి ముందూ దొరికిపోయాను. మామిడి వ్యాపారి పెళ్లాం మామిడికాయ కోయడానికి టిక్కెట్టు కొనుక్కోవడం మా బజారులో తెలిస్తే పది రోజులు నవ్వుకుంటారు. బలవంతాన డబ్బులు బల్ల మీద పెట్టాను. ఈ ఏడు కాయ లేక తోట ఖర్చులు ఈ టిక్కెట్ల మీదే నడుస్తున్నాయని తర్వాత పద్మే చెప్పింది.

చిక్కం నా చేతికిచ్చారు. పొడవాటి కర్రకి చివర వలసంచి, దాని అంచున చిన్న కత్తి. కాయని సంచిలోకి తీసుకుని ముచ్చికతో సహా తెంపాలి. ముచ్చిక ఊడితే సొన కారి కాయ మీద మచ్చ పడుతుంది. ఈ సంగతులన్నీ నాకు నోటికొచ్చు. మచ్చపడిన కాయని వంద గజాల నుంచి పట్టేస్తాను. కానీ ముప్పై ఒక్క ఏళ్లలో నేను కాయని చెట్టు మీద ముట్టుకోలేదు. మాకు కాయ అంటే గడ్డిలో పడుకుని ట్రాక్టరు మీద వచ్చేది. చిక్కం ఎత్తితే బరువుకి కర్ర ఒక పక్కకి ఒరిగిపోయింది. మొదటి మూడు కాయలూ ముచ్చిక లేకుండానే ఊడిపడ్డాయి. నాలుగోది, చిన్నరసం, సరిగ్గా వచ్చింది. సంచిలోంచి తీస్తే ఎండకి వెచ్చగా ఉంది. కొట్లో కాయ ఎప్పుడూ చల్లగానే ఉంటుంది, గడ్డి కింద ఉంటుంది గనక. చెట్టు మీది కాయకి వేడుంటుందని నాకు యాభై నాలుగేళ్లకి తెలిసింది.

బెంగళూరు నుంచి వచ్చిన జంట మా పక్క చెట్టు దగ్గర ఫోటోలు దిగుతున్నారు. ఆ అబ్బాయి కాయని బుగ్గకి ఆనించుకుని నిలబడ్డాడు, సొన అంటుకుని చెంప ఎర్రగా కందింది. మేరీ టీచరు విజిల్ వేసి అతన్ని బోరు పంపు దగ్గరికి నడిపించారు. పద్మ కొబ్బరినూనె తెచ్చింది. "సబ్బుతో కడిగి ఇది రాయండి, రుద్దకండి," అని నేను చెబుతుంటే ఆ జంటలో అమ్మాయి, "ఆంటీ మీరు డాక్టరా?" అంది. కాదమ్మా, కోమటి కొట్టు అన్నాను.

మధ్యాహ్నం మామిడికాయ పప్పు, కొత్తావకాయ, గడ్డపెరుగు. అరిటాకులు ఉన్నా నేను నా పళ్లెంలోనే తిన్నాను.

"మూడు రోజులకి ఇంత పళ్లెం మోసుకొచ్చారేంటండీ?" అన్నారు టీచరు.

"అలవాటండీ," అన్నాను.

బయల్దేరేటప్పుడు పద్మ మాటల్లో మాటగా అంది. "పెద్ద షావుకారు గారి ఇంటి అమ్మగారు మొన్నే ఒక బుట్ట చిన్నరసాలు తెప్పించుకున్నారండీ, తాండ్రకని. మనిషి రాలేదు, ఫోన్ చేశారు. మోకాళ్లు బొత్తిగా పోయాయంట. డాబా మెట్లెక్కి నెలైందన్నారు, పనమ్మాయి చేతే ఎండబెట్టిస్తున్నారంట."

కారెక్కాక గానీ నాకు తట్టలేదు. అంటే ఆ సాయంత్రం గోడ అవతల చాప దులిపింది అక్క కాదు. నేను రెండుసార్లు గట్టిగా చెప్పింది పనమ్మాయికి.

చెరువు మీద

శనివారం చాట్రాయి దాటి చెరువుకి వెళ్లాం. పటంలో రిజర్వాయరని ఉంటుంది, అక్కడివాళ్లు చెరువనే అంటారు. మూడు వైపులా పొట్టి కొండలు, నాలుగో వైపు కట్ట. కట్ట మీద నాలుగు బడ్డీ కొట్లు. నిమ్మసోడా ఇరవై, మా బజార్లో పదిహేను. పడవకి మనిషికి ఎనభై. ఒక్కరే కూర్చుని తెడ్డు వేసుకునే ప్లాస్టిక్ పడవైతే నూట యాభై. గాలం అద్దెకి దొరుకుతుంది, ఎర వేరే. బైనాక్యులర్ గంటకి యాభై, పిట్టల్ని చూడ్డానికి.

"దీన్ని రేపటిదాకా ఇస్తారా బాబూ, కొండ దాకా తీసుకెళ్లి తెచ్చిస్తాం," అని అడిగాను.

"కట్ట దాటి ఇవ్వమండీ. పోయినేడు ఒకాయన పెళ్లికి పట్టుకెళ్లిపోయాడు," అన్నాడు ఆ బల్ల దగ్గరాయన. పెళ్లిలో బైనాక్యులర్ ఎందుకో అడగాలనుకుని ఊరుకున్నాను.

మేరీ టీచరు ప్లాస్టిక్ పడవెక్కారు. నారింజ రంగు లైఫ్ జాకెట్, మెడలో విజిల్. ఒడ్డు నుంచి నేను చూస్తుండగానే తెడ్డు ఒకవైపే వేసి గుండ్రంగా నాలుగు చుట్లు తిరిగారు. ఐదో చుట్టుకి తిన్నగా వెళ్లారు. తిరిగొచ్చాక వాలీబాల్ కప్పు గెలిచిన పిల్లలా ఉన్నారు. నన్నూ ఎక్కమన్నారు. నేను పెద్ద పడవే ఎక్కుతానన్నాను, ఆవిడా నాతో వచ్చారు.

పెద్ద పడవ నడిపే మనిషి దుర్గారావు. యాభై దాటుంటాయి. చేపలు పట్టుకునేవాడు, జనం రావడం మొదలయ్యాక పగలు మనుషుల్ని తిప్పుతున్నాడు. ఏది మేలు అని అడిగితే, "చేప మాట్లాడదు గదండీ, అదే మేలు," అన్నాడు. పడవెక్కుతుంటే నా కుడికాలి చెప్పు నీళ్లలో పడింది. తెడ్డుతో అందుకునేలోపే మునిగిపోయింది. దుర్గారావు చాలా బాధపడ్డాడు, నేను నవ్వాను. ఎడమకాలి చెప్పు ఒక్కటీ ఏం చేసుకోవాలో తెలీక పడవలోనే వదిలేశాను. టీచరు కార్లోంచి తెల్ల క్యాన్వాస్ బూట్లు తెచ్చిచ్చారు, స్కూలు రోజులవి. జరీ అంచు చీర మీద తెల్లబూట్లతో నన్ను చూసి కట్ట మీద పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు.

చెరువు మధ్యకి వెళ్లాక దుర్గారావు తెడ్డు ఆపాడు. "ఇక్కడ కేకేస్తే కొండ తిరిగి పలుకుద్దండీ. వచ్చినోళ్లంతా ఇక్కడ పేర్లు పిలుచుకుంటారు."

టీచరు విజిల్ ఊదారు. కొండ విజిల్ తిరిగి ఊదింది. మా పడవలోనే ఉన్న బెంగళూరు జంట ఒకరి పేరు ఒకరు పిలుచుకున్నారు. అబ్బాయి చెంప ఇంకా ఎర్రగానే ఉంది. తర్వాత అందరూ నా వంక చూశారు. మా ఆయన పేరు నోటితో పిలిచే అలవాటు నాకు లేదు. పిల్లల పేర్లు రాలేదు. గొంతులోకి ఒకటే మాట వచ్చింది.

"అక్కా."

ఒకటి కాదు, రెండుసార్లు తిరిగొచ్చింది. వచ్చింది నా గొంతే. ఏడేళ్లుగా ఆ మాట పైకి అనలేదని అప్పుడు గుర్తొచ్చింది. మొహం పక్కకి తిప్పుకున్నాను గానీ మేరీ టీచరు చూడనే చూశారు.

"ఎవరండీ?" అన్నారు మెల్లగా.

అక్కడ చెప్పేశాను. గోడ, తాండ్ర, పళ్లెం, పందెం, పద్మ చెప్పిన మోకాళ్లు, అన్నీ. ఆవిడ చివరిదాకా విని, "వెళ్లి తలుపు కొట్టకూడదా?" అన్నారు.

"తిప్పి పంపింది నేనండీ. ఏ మొహం పెట్టుకుని కొట్టను?"

"మరి కొండ మీంచి కొట్టడానికి ఏ మొహం?"

"అంత దూరం నుంచైతే మొహం కనపడదు కదండీ," అన్నాను. ఆవిడ నవ్వలేదు.

ఆ సాయంత్రం గాలివాన. చెరువుగట్టు మీద గుడారాల్లో ఉండాలని మా ఏర్పాటు. గుడారం ఒక తాడు తెగి పక్కకి ఒరిగింది. నేను పళ్లెం నెత్తిన పెట్టుకుని దుర్గారావు వాళ్ల వంటపాకలోకి పరిగెత్తాను. పళ్లెం మీద చినుకులు టపటపమంటున్నాయి. అతని భార్య చేపల పులుసు వండుతోంది. నేను తిననని చెబితే ఏమీ అనుకోకుండా నాకు వేరే పొయ్యి మీద టమాటా పప్పు పడేసింది. మేరీ టీచరు నా వాటా పులుసు కూడా తినేశారు. పాక చూరు నుంచి నీళ్లు ధారకడుతుంటే నాకు డాబా మీద చాపలే కళ్లముందు కనపడ్డాయి. తడిస్తే బూజు పడుతుంది. ఎవరు తీశారో, తీశారో లేదో. మాకు వాన పడితే ముందొచ్చే ఆలోచన అదే.

గొడుగుకొండ

వాన మంచే చేసింది. ఆదివారం పొద్దున ఆకాశం కడిగినట్టుంది. ఎండాకాలం పొద్దున ఎప్పుడూ ఉండే ఆ తెల్లటి మసక లేదు. కొండ కింద పల్లెలో నాగమ్మ అనే మేకలావిడ వచ్చిన వాళ్లకి దారి చూపిస్తుంది. మనిషికి యాభై, మేకలు కూడా వెంట వస్తాయి. ఆవిడ నా బూట్లు చూసి, "బాగున్నయ్యమ్మా, జారవు," అంది. ఆ మూడు రోజుల్లో నా బూట్లని మెచ్చుకున్న మనిషి ఆవిడొక్కతే.

పైకి గంటన్నర. సీతాఫలం పొదల మధ్య నుంచి దారి, తర్వాత బండలు. నేను ప్రతి మలుపులోనూ కూర్చున్నాను. మేకలు నన్ను దాటిపోతూ జాలిగా చూశాయి. ఒకచోట నాగమ్మ చెయ్యి ఇచ్చి లాగింది, ఆ చెయ్యి చెక్కలా గట్టిగా ఉంది. అక్క అయితే ఎక్కలేదు, నిజమే అనుకున్నాను. ఇరవై నాలుగేళ్లు ఇద్దరికీ కాళ్లున్నాయి, అప్పుడు రాలేదు.

పైకి చేరాక ముందు చెట్టు చూశాను. మామిడి కాదు, చింత కాదు. వేపచెట్టు. ఇద్దరం ఓడిపోయాం. ఈ సంగతి చెప్పడానికి నాకు ప్రపంచంలో ఒక్క మనిషే ఉంది, ఆ మనిషికి చెప్పలేను. బండ మీద కూర్చుని ఆయాసం తీర్చుకున్నాను.

దక్షిణం వైపు అంతా తోటలే. ఎంత దూరం చూసినా ముదురాకుపచ్చ. అక్కడక్కడ ఒక నీళ్ల ట్యాంకు, ఒక సెల్ టవరు, ఒక రైసుమిల్లు గొట్టం. వాటిని బట్టి మా వీధి ఎక్కడుండాలో అంచనా వేసుకున్నాను. పళ్లెం తీశాను. ఎనిమిది దాటి ఐదు నిమిషాలు. ఎండ ఎడమవైపు నుంచి వస్తోంది. చెయ్యి చాచి రెండు వేళ్లు విడదీసి, ఆ సందులో మా ఊరిని పెట్టుకున్నాను. వెలుగు వేళ్ల మీద పడేలా పళ్లెం తిప్పాను. ఒకటి. రెండు. మూడు.

ఏమీ లేదు.

మళ్లీ మూడు. మళ్లీ ఏమీ లేదు.

"ఎవుర్నమ్మా పిలుస్తన్నావు?" అంది నాగమ్మ.

"మా అక్కని."

"ఇక్కడ సిగ్నల్ వస్తది. ఫోన్ చెయ్యరాదా?"

నంబరు నా ఫోన్లో ఉంది. ఏడేళ్లుగా చెరపలేదు. ఎన్నిసార్లు దాని మీద వేలు పెట్టి తీసేశానో లెక్క లేదు. అదంతా నాగమ్మకి ఏం చెబుతాను. "ఇదే బాగుంటది," అన్నాను. ఆవిడ అర్థమైనట్టే తలూపి మేకల వైపు వెళ్లింది.

ఐదేసి నిమిషాలకోసారి కొడుతూనే ఉన్నాను. భుజం లాగేసింది. మేరీ టీచరు చెట్టుకింద కూర్చున్నారు, విజిల్ ముట్టుకోలేదు. ఎనిమిదిన్నర దాటింది. అక్కకి మోకాళ్లు బాగాలేవు. పనమ్మాయి చెప్పి ఉండదు. చెప్పినా, తాండ్ర తిప్పి పంపినదాని కోసం ఎవరెక్కుతారు. మనసులో అన్నీ అక్కకే అనుకూలంగా వాదించాను, అన్నీ నిజమే అనిపించాయి. నాకు అక్క కావాలి, అంతే, దానికి వాదన లేదు.

అప్పుడు కోతులొచ్చాయి. పులిహోర డబ్బా ఉన్న సంచిని ఒకటి పట్టుకుని లాగుతోంది. అలవాటు కొద్దీ పళ్లెం అటు తిప్పి కళ్లలో కొట్టాను. సంచి వదిలేసి బండల మీంచి దూకి పారిపోయింది. నాగమ్మ ఆశ్చర్యపోయి, "ఇదేదో బాగుందే," అంది. ఆవిడకి పట్టుకునే పద్ధతి చూపించి, మళ్లీ దక్షిణానికి తిరిగాను.

తోటల మధ్య, నీళ్ల ట్యాంకుకి కొంచెం కుడివైపున, ఒక వెలుగు మెరిసి ఆరిపోయింది.

మళ్లీ మెరిసింది, ఆరింది.

మూడోది రాలేదు. చాలాసేపు చూశాను, రాలేదు. నేను మూడు కొట్టాను. ఏమీ లేదు. అయినా బండ మీద కూర్చుని ఏడ్చేశాను. దాచుకోవాల్సిన అవసరం లేదు, ఏడ్చాను.

దిగేటప్పుడు అనుమానం పట్టుకుంది. "మీరూ చూశారు కదండీ?" అన్నాను.

"శుక్లం ఆపరేషన్ అయిన కళ్లండీ నావి," అన్నారు టీచరు. "నేను చూశానంటే అబద్ధమవుతుంది. ఎవరిదో స్టీలు ట్యాంకు మూతేమో, కారు అద్దమేమో. వెళ్లి కనుక్కోండి." ఆవిడ ఎప్పుడూ అంతే, ఊరికే ధైర్యం చెప్పే మనిషి కాదు. మిగిలిన దారంతా నేను రెండు మెరుపులనీ మళ్లీ మళ్లీ గుర్తు చేసుకుంటూనే దిగాను.

ఇల్లు

నాలుగింటికి ఇంటికొచ్చాం. మా ఆయన నా బూట్ల వంక చూసి, మళ్లీ పేపర్లోకి దిగారు. కాఫీ కూడా తాగకుండా డాబా ఎక్కాను. ఎండ ఇంకా తగ్గలేదు, మెట్లు కాలుతున్నాయి. గోడ అవతల చాప చుడుతున్న చప్పుడు. ఎవరు చుడుతున్నారో తెలియడానికి గాజుల కోసం చెవి పెట్టాను. గాజులు వినపడలేదు. పళ్లెం చేతిలో పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాను. అది గోడకి తగిలి ఠంగుమంది. అటు చప్పుడు ఆగింది.

"అంతసేపు కొట్టావు, చెయ్యి లాగెయ్యలేదటే?" అంది అక్క.

నేను పళ్లెం కింద పెట్టి గోడకి ఆనుకున్నాను.

"పనమ్మాయి నిన్ననే చెప్పింది, పక్కింటి అమ్మగారు ఆదివారం ఎనిమిదింటికి కొండ మీదని ఫోన్లో కేకలేశారని. పొద్దున ఒక్కో మెట్టూ కూర్చుంటూ ఎక్కేసరికి ఎనిమిదిన్నరైంది. పైకొచ్చి చూస్తే నువ్వింకా కొడతానే ఉన్నావు. రెండుసార్లు కొట్టా. మూడోదానికి కోతి చాప మీదకి దూకి చచ్చింది."

"రెండు చూశానక్కా."

"చూశావా." చాప చుట్టడం మళ్లీ మొదలైంది. "చెట్టేంటి?"

"వేప."

"వేపా. పోన్లే."

గోడ మీదకి కాగితప్పొట్లం ఒకటి వచ్చింది. ముడతలు పడ్డ వేళ్లు, గాజుల్లేని చెయ్యి కనపడి మళ్లీ కిందకి పోయాయి. మోకాళ్లకి మందు రాసుకుంటూ తీసేసుంటుంది. అందుకోవడానికి నేను ఇటుకల మీద ఎక్కాల్సొచ్చింది. కొత్త తాండ్ర వాసన, ఇంకా కొంచెం తడిగా ఉంది, రాత్రి వానకి.

"ఈసారి తిప్పి పంపావంటే చూడు," అంది.

"పంపనక్కా." తప్పైపోయిందని అనాలనుకున్నాను. అన్నాను కూడా.

"సర్లే. అది కాదు గానీ, డాబా కనపడిందా లేదా? అది చెప్పు ముందు."

"కనపడిందక్కా," అన్నాను. "గోడతో సహా కనపడింది."

"నే చెప్పలా? ఇన్నేళ్లనుంచీ మొత్తుకుంటున్నా," అంది. ఆ గొంతులో ఎంత సంతోషమో.

మీరెప్పుడైనా గొడుగుకొండ ఎక్కితే మీకే తెలుస్తుంది. అక్కణ్ణుంచి మా డాబా కనపడదు. తోటల్లో కలిసిపోతుంది, ఏది ఏ ఇల్లో తేలదు. నాకు కనపడింది వెలుగొక్కటే. ఈ సంగతి మీతో చెప్పాను గానీ, మా అక్కకి మాత్రం చెప్పను.